మా మామ్మని అంబలి ఖాతాలో రాయకండి

మామ్మ పోయిన మూడో రోజున మా వాట్సాప్ గ్రూపులో ఒక పాత వీడియో మళ్ళీ తిరగడం మొదలైంది. 2023లో తీసింది. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది కదా, ఊరూరా తిరిగి ముసలివాళ్ళని పట్టుకుని ఆరోగ్య రహస్యం అడిగే కుర్రాళ్ళు చాలామంది బయల్దేరారు, వాళ్ళలో ఒకడు రాజాం దగ్గర మా ఊరు కూడా వచ్చాడు. వీడియో మీద పెద్ద పసుపు అక్షరాలతో "105 ఏళ్ళ బామ్మ, చోడి అంబలి మహిమ" అని రాశాడు. చోడి అంటే రాగి. కింద దండాలు పెట్టే బొమ్మలు, ఆ రోజుల్లో తిండే వేరు, ఇప్పుడంతా కల్తీ, మందుల కంపెనీల కుట్ర, అలా సాగిపోయింది. సరే, వాడెవడో బయటివాడు అనుకుందాం. పెద్దకర్మకి కొట్టించిన ఫ్లెక్సీలో మావాళ్ళే 102 వేశారు. పక్కన "పాతకాలపు తిండి, నిండు నూరేళ్ళు" అని ఒక లైను.

మామ్మకి 105 లేవు, 102 కూడా లేవు. అంబలంటే ఆవిడకి పరమ అసహ్యం.

వయసు సంగతి ముందు చెప్పేస్తాను. ఆధార్ కార్డులో మామ్మ పుట్టిన తేదీ 01-01-1935. మా ఊళ్ళో ముసలివాళ్ళ కార్డులు ఎవరివి తీసినా జనవరి ఒకటే, ఊరంతా ఒకే రోజు పురుడు పోసుకున్నట్టు. మామ్మ లెక్క మాత్రం వేరు. వాళ్ళ అయ్య రంగం నుంచి నడిచొచ్చిన ఏడు తన పెళ్ళి, అదీ లెక్క. రంగం అంటే రంగూను. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికని మా వైపు పల్లెల నుంచి జనం పడవలెక్కి పోయేవారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేశాక లక్షలమంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చేశారు, కలరాకీ ఆకలికీ దారిలోనే పోయినవాళ్ళకి లెక్క లేదు. మా ముత్తాత 1942 ఎండల్లో ఇంటికి చేరాడట. వాకిట్లో నిలబడితే సొంత పెళ్ళాం బిచ్చగాడనుకుని గింజలు తెచ్చిందని మామ్మ చెప్పేది. అప్పటికే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి, ఊళ్ళన్నీ బెదిరిపోయి ఉన్నాయి, ఆడపిల్లని ఇంట్లో ఉంచుకోవడం ఎందుకని బేగి పెళ్ళి చేసేశారు. "నాకు పన్నెండో పదమూడో, ఇంకా పెద్దమనిసిని అవ్వనేదు" అనేది. అంటే 2024 కార్తీకంలో పోయేనాటికి 94 గాని 95 గాని. నాకైతే అది చాలా పెద్ద వయసే. దాన్ని 105 చెయ్యాల్సిన అవసరం ఎవరికుందో అర్థం కాదు.

అన్నట్టు, పెళ్ళై వచ్చిన ఇల్లు ఆవిడ మళ్ళీ మారలేదు. ఆ ఇంట్లో కుడికాలు పెట్టినప్పుడు ఊరు విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయనగరం జిల్లాలో పడింది. మామ్మా, మనం ఇప్పుడు విజయనగరం అయిపోయాం అని చెబితే "పింఛను ఆగదు కదా?" అంది. అదొక్కటే అడిగింది.

ఇక ఆ వీడియో. తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను, సెలవులకి వెళ్ళాను. కుర్రాడు మర్యాదస్తుడే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. "ఇన్నేళ్ళు ఇంత ఆరోగ్యంగా ఉన్నారు, రహస్యం ఏంటి మామ్మగారూ?" అన్నాడు. మామ్మ అతన్ని కాసేపు చూసి, "ఏటి రగస్యం? సావు రానేదు, ఉండిపోనాను" అంది. అతను నవ్వేసి, చిన్నప్పుడు అంబలి తాగేవారా అని అడిగాడు. "తాగకేటి సేత్తాం, వరన్నం ఉండీదా మాకు?" అంది. వీడియోలో మొదటి జవాబు లేదు. రెండో దాంట్లో "తాగకేటి సేత్తాం" వరకు ఉంచి మిగతాది కోసేశాడు.

కోసేసిన ఆ ముక్కలోనే మామ్మ బతుకంతా ఉంది. ఆవిడ దృష్టిలో అంబలి అంటే బియ్యం నిండుకోవడం. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా మడిలోనే ఉన్న నెలల్లో, షావుకారు దగ్గర నాగుకి, అంటే ధాన్యంగానే వడ్డీ కట్టే అప్పుకి, ధాన్యం తెచ్చుకుంటే కోతలయ్యాక కల్లంలోనే వచ్చి కొలుచుకుపోయే రోజుల్లో, కుండలో కాసిని చోళ్ళ పిండి కలిపి మగవాళ్ళకి చిక్కటిది పోసి, పిల్లలకి పల్చటిది పోసి, అడుగున నీళ్ళు తను తాగేది. 2019లో మా నాన్నకి షుగరు బయటపడితే డాక్టరు చెప్పారని అమ్మ చోడి అంబలి కాచింది. మామ్మ గడపలో కూచుని "ఇంటి నిండా బియ్యం ఎట్టుకుని ఈడికి అంబలేటే, ఎవులైనా ఇంటే నవ్వరూ" అని రోజంతా సణిగింది. కొడుక్కి దరిద్రం తిరగబెట్టిందన్నట్టు బాధ పడింది. ఆవిడకి ఇష్టమైనవి ఏంటంటే టీలో ముంచిన బిస్కెట్టు, రాజాం నుంచి పొట్లం కట్టించుకొచ్చిన మిక్చరు, మా తమ్ముడు తెచ్చే చల్లటి గ్యాసు డ్రింకు. ఈ జాబితాతో వీడియో ఎవరూ తియ్యరు.

నిజానికి మామ్మ అలవాట్లలోంచి రహస్యం ఏరుకోవాలంటే అందరికంటే ముందు నిలబడేది అడ్డపొగ. తెలియని వాళ్ళకి చెబుతున్నాను, చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళకి బాగా అలవాటు. మామ్మ పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి 70 ఏళ్ళకి పైగా కాల్చింది, నిప్పు నోట్లో ఉండగానే నాట్లు వేసింది, నోట్లో ఉండగానే మమ్మల్ని తిట్టింది. మరి రాయండి, అడ్డపొగ మహిమ, 105 ఏళ్ళు అని. రాయరు. ఎందుకంటే దాని సంగతి అందరికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, ఈ అడ్డపొగ వల్ల అంగిటి మీద ఎలాంటి మచ్చలూ పుళ్ళూ వస్తున్నాయో రాసిన అధ్యయనం 1971లోనే వచ్చింది. మా చిన్న మామ్మ, అంటే మామ్మ సొంత చెల్లెలు, అదే ఇంట్లో పుట్టి, అదే అంబలి తాగి, అదే చుట్ట కాల్చి, 58 ఏళ్ళకి అంగిటి క్యాన్సర్‌తో పోయింది. చివరి నెలల్లో గంజి కూడా దిగేది కాదు. ఆవిడ దగ్గరికి ఎవరూ మైకు పట్టుకుని రాలేదు, రావడానికి ఆవిడ లేదు కదా. నా గొడవంతా ఇదే. బతికి మిగిలిన మనిషినే పిలిచి ఎలా బతికావని అడుగుతున్నాం. ఆవిడ తిన్నదే తిని, ఆవిడ చేసిన పనే చేసి పోయినవాళ్ళు జవాబు చెప్పలేరు.

ఇంకో చోటు కూడా చెబుతాను. మా పిన్నిని కవిటి వైపు ఇచ్చారు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. ఉద్దానం అంటే చూడ్డానికి స్వర్గంలా ఉంటుంది, కొబ్బరి, జీడి, పనస, సముద్రం గాలి. కల్తీ లేని తిండి, ఒళ్ళొంచి పని, అన్నీ ఉన్నాయి. అక్కడ ఇంటికొకరు అన్నట్టు కిడ్నీలు పాడై పోతున్నారు. మా బాబాయి తోటపని తప్ప వేరే ఎరగడు, మందు ముట్టలేదు, 51 ఏళ్ళకే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఆ జబ్బుకి ఇదీ కారణమని తేలలేదు. పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబరులో, అప్పటికి బాబాయి లేడు. పాతకాలపు బతుకు మహిమ అని నా ముందు ఎవరైనా అంటే నాకు పిన్ని మొహం గుర్తొస్తుంది, ఏం చెయ్యను.

చోళ్ళు మంచివి కావని నేను అనట్లేదు. మా నాన్న ఇప్పటికీ తాగుతున్నాడు, షుగరు కొంచెం అదుపులో ఉంది. ఒంటిపని చేసిన ఒళ్ళు గట్టిగా ఉంటుందనేదీ నిజమే, 80 దాటాక కూడా మామ్మ పెరట్లో ఆనపపాదుకి నీళ్ళు మోసింది. కానీ స్వతంత్రం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టూ ఉండేది, ఇప్పుడు 70. కల్తీ లేని తిండి ఉన్న ఆ రోజుల్లో 32, ఇప్పుడు దానికి రెట్టింపు దాటింది. దీనికి జవాబుగా మా బాబాయిలు ఒకటి అంటారు, 32 అంటే అందరూ ముప్పై రెండుకే పోయారా, మా తాతలు ఎనభై దాకా ఉన్నారు కదా అని. వాళ్ళు అన్నది కరెక్టే. ముప్పై రెండుకి ఎవరూ పోలేదు. ఒక బిడ్డ ఏడాది లోపు పోయి, ఇంకో బిడ్డ అరవై నాలుగు దాకా ఉంటే సగటు అలాగే వస్తుంది. ఆ లెక్క కిందికి లాగింది పసిపిల్లలు.

మా ఇంట్లో అలా లాగినవాళ్ళు ముగ్గురు.

మామ్మ వాళ్ళ గురించి కూచుని ఏడుస్తూ చెప్పేది కాదు, పప్పు ఏరుతూనో, అరుగు మీద కాళ్ళు చాపుకునో, వేరే ఏదో మాట మధ్యలో చెప్పేది. మొదటిది ఆడపిల్ల, స్వతంత్రం వచ్చిన మరుసటేడు. కొడవలితో బొడ్డు కోశారు, బూడిద అద్దారు. ఆరో రోజు దాకా బాగానే ఉంది, ఏడో రోజున పాలు పట్టడం మానేసింది, దవడ బిగుసుకుపోయి ఒళ్ళు విల్లులా వంగిపోయింది. పక్షి తగిలిందన్నారు. పేరు పెట్టేలోపే పోయింది. అది ధనుర్వాతమని మామ్మకి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి కూడా చెప్పలేదు, ఎందుకో నోరు రాలేదు. గర్భిణులకి రెండు సూదులు వేసి, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోసినంత మాత్రాన పుట్టిన పిల్లల్లో ఆ జబ్బు దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని మన దేశానికి 2015లో గుర్తింపు వచ్చింది. రెండోవాడు రెండేళ్ళవాడు, వాంతులూ విరేచనాలూ మొదలైతే నీళ్ళు ఇవ్వకూడదన్నారు, ఇవ్వలేదు, రెండు రోజుల్లో పోయాడు. "నీల్లు నీల్లని ఏడిసినాడు" అని మామ్మ అనేది, ఆ వాక్యం అక్కడే ఆపేసేది. మూడోది తట్టు వచ్చి పోయింది, నాలుగేళ్ళది. దానికి బొమ్మల పండక్కి కుట్టించిన గౌను చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో ఉండేదని మా నాన్న అంటాడు.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. పెద్దకర్మ అయిన రాత్రి అందరం వాకిట్లో కూచున్నాం, మా తమ్ముడి భార్య వాళ్ళ చంటిదానికి తొమ్మిదో నెల సూది వేయించలేదని తెలిసింది. తట్టు సూదే అది. జ్వరం వస్తుందని వాయిదా వేసుకుంటూ వచ్చారు. మా అమ్మ అడిగితే, ఆ అమ్మాయి ఫ్లెక్సీ వైపు చూపించి "మామ్మకి వేయించారా అత్తా ఇవన్నీ? వందేళ్ళు బతకలేదా?" అంది. చదువుకున్న పిల్లే, మంచి పిల్ల. ఆ వీడియోలు రోజూ చూస్తుంది, అంతే.

మామ్మకి వేయించారు. ఎడమ భుజం మీద పావలా బిళ్ళంత మచ్చలు రెండు ఉండేవి, మశూచి టీకా మచ్చలు. చిన్నప్పుడు ఊళ్ళోకి టీకాల వాడు వస్తే జనం పిల్లల్ని గాదెల వెనక దాచేవారట, రంగం నుంచి సెలవుకొచ్చిన వాళ్ళ అయ్య మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వేయించాడు. ఆ ఏడే వాళ్ళ వీధిలో అమ్మవారు పోసి నలుగురు పిల్లలు పోయారని చెప్పేది. అరవై దాటాక కూడా జాకెట్టు చెయ్యి పైకి మడిచి మాకు ఆ మచ్చలు చూపించేది, నగలు చూపించినట్టు. మశూచి మన దేశంలో లేదని తేల్చింది 1977లో.

మరి మామ్మని 94 దాకా తెచ్చినవి ఏంటని అడిగితే నేను చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి, వినడానికి పెద్ద గొప్పగా ఉండవు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, అంబలి నెలలు అప్పటితో పోయాయి. ఆ బియ్యం ఇచ్చినాయన ఫోటో దేవుడి గూట్లో ఉండేది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. బీపీ ఉందని ఊరి నర్సు, అదే ఏఎన్ఎం, కనిపెట్టిన రోజు నుంచి పాతికేళ్ళు రోజుకో బిళ్ళ వేసుకుంది, ఆ బిళ్ళ ధర టీ ధర కంటే తక్కువ. 2018లో నూతి దగ్గర జారిపడి తుంటి విరిగితే 108 వచ్చింది, ఆరోగ్యశ్రీలో రాడ్డు వేశారు. వాళ్ళ అత్తగారు అదే నూతి దగ్గర పడి, అలాగే తుంటి విరిగి, మూడు నెలలు నులకమంచం మీద పుళ్ళు పడి పోయిందట. ఇక పింఛను. రెండు వందల నాటి నుంచి తీసుకుంది. 2024 జూలైలో నాలుగు వేలు చేసి, పాత బకాయితో కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారు, మామ్మ నాతో మూడుసార్లు లెక్క పెట్టించింది. ఆ డబ్బు ఎంతని కాదు, మిక్చరు పొట్లానికి కొడుకుని అడగక్కర్లేదు. మనవలకి చేతిలో పెట్టగలదు. తొంభై ఏళ్ళ మనిషికి ఇంట్లో మాట చెల్లడానికి అది ఎంత పనిచేస్తుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది.

వీటన్నిటి కంటే పెద్దది మా పెద్దమ్మ. తుంటి విరిగాక ఆరేళ్ళు మామ్మని ఎత్తి కూచోబెట్టింది, స్నానం చేయించింది, పక్క మార్చింది, గుడ్డలు ఉతికింది. అప్పటికే పెద్దమ్మకి అరవై దాటాయి, మోకాళ్ళు లేవు. మేమందరం విశాఖపట్నంలో, హైదరాబాదులో ఉండి వీడియో కాల్ చేసి "మామ్మా, తిన్నావా" అని అడిగిన వాళ్ళం. ఆ వీడియో తీసిన కుర్రాడు ఫోను కాస్త పక్కకి తిప్పి ఉంటే పెరట్లో బండ మీద దుప్పటి బాదుతున్న పెద్దమ్మ పడేది. ఫ్లెక్సీలో మామ్మ చుట్టూ కొడుకుల ఫోటోలు వేశారు, మనవల ఫోటోలు వేశారు, పెద్దమ్మది లేదు. స్థలం చాల్లేదన్నారు.

పైగా మామ్మ మంచి అత్తేం కాదు. ఈ మాట ఇంట్లో వాళ్ళకి నచ్చదు, అయినా నిజం. నూనె గిద్దతో కొలిచి ఇచ్చేది, గాదె తాళం మొలలో దోపుకునేది, పెద్దమ్మ మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిందని ఏడాది మాట్లాడలేదు. చివర్లో మాత్రం ఎవరు దగ్గరున్నా పెద్దమ్మ కోసమే కేకేసేది. ఒకరోజు నేను పక్కనే ఉన్నాను, పక్క మారుస్తుంటే మామ్మ ఉన్నట్టుండి "నిన్ను నాను సానా ఏడిపించినాను కదే" అంది. పెద్దమ్మ చెయ్యి ఆపలేదు. "ఏడిపించినావు అత్తా, ఇటు తిరుగు" అంది.

ఇవన్నీ పెద్దకర్మ రాత్రి నేను గట్టిగానే అన్నాను. మా చిన్నాన్నకి కోపమొచ్చింది. ముసలమ్మని నలుగురూ పొగుడుతుంటే నీకొచ్చిన నష్టం ఏటిరా, వందేళ్ళంటే వినడానికి బాగుంటుంది, అంబలంటే నాలుగు మంచి మాటలు, దానికి కూడా లెక్కలు తియ్యాలా అన్నాడు. చచ్చిపోయిన ముగ్గురినీ ఇప్పుడెందుకు తవ్వుతావు, అమ్మే మర్చిపోయింది అన్నాడు.

మర్చిపోలేదని నాకు తెలుసు. 2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకి మా ఊరి బడి మాస్టారే వచ్చారు. నేను ఏడో తరగతి. అరుగు మీద చాప వేసి కూచోబెట్టాం, తాత ఎదురుగా కూచుని అన్నిటికీ జవాబులు చెబుతున్నాడు. మామ్మ పేరు దగ్గరికి వచ్చాక పిల్లలెంతమంది అని అడిగారు మాస్టారు. తాత అయిదుగురన్నాడు. లోపల్నించి మామ్మ "ఎనమండుగురు" అంది. తాత విసుక్కుని, ఉన్నవాళ్ళ లెక్కే, లేనివాళ్ళది కాదు అన్నాడు. మాస్టారు కాగితం చూసుకుని, కాదు బాబూ, రెండు గడులున్నాయి, ఉన్నవాళ్ళకొకటి, పుట్టినవాళ్ళకొకటి, రెండూ అడగమన్నారు అన్నారు. మామ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మాస్టారి ముందు ఎప్పుడూ నిలబడని మనిషి, ఆ కాగితం మీదికి వంగి చూసింది, అక్షరం ముక్క రాదు. నన్ను పిలిచింది.

"ఒరే, ఎనిమిదేసినాడా సూడు."

వేశారు మామ్మా అన్నాను. ఇంకోసారి చూడమంది. చూశాను. లోపలికి వెళ్ళి మాస్టారికి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.